అల్జీమర్స్ మీద పీహెచ్‌డీ: ల్యాబ్ ఎంచుకోవడం నుంచి ఎలుక మెదడు కోయడం దాకా

అల్జీమర్స్ మీద పరిశోధన చేస్తామని వచ్చేవాళ్లను "ఏం కొలుస్తారు?" అని అడిగితే చాలామందికి నోరు పెగలదు. ఇంట్లో అమ్మమ్మకు మతిమరుపు వచ్చిందనో, మందు కనిపెట్టాలనో రావడం మంచి కారణమే. అయిదారేళ్ల పీహెచ్‌డీ మాత్రం చేతికొచ్చిన ఒక కొలత మీద నడుస్తుంది: రక్తంలో టావ్ ప్రోటీన్ (న్యూరాన్లలో చిక్కుముడులు కట్టేది), మెదడు ముక్క మీద ప్లాకుల (అమైలాయిడ్ అనే ప్రోటీన్ గడ్డల) విస్తీర్ణం, ఎమ్మారైలో హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం) పరిమాణం, తెలుగు మాట్లాడే పెద్దల జ్ఞాపకశక్తి స్కోరు, ఇలాంటివాటిలో ఏదో ఒకటి. 1906లో ట్యూబింగెన్ సభలో అలోయిస్ అల్జీమర్ చెప్పిన కేసు కూడా అలా నిలిచిందే. వెండి లవణాలతో మెదడు ముక్కలకు రంగెక్కించే పద్ధతి చేతిలో ఉండబట్టి న్యూరాన్లలోని చిక్కుముడులు ఆయన కంటపడ్డాయి. కాబట్టి ముందు కొలత తేల్చుకోండి, తర్వాత ల్యాబ్, ఊరు ఆ తర్వాత.

ఏ వాకిలి నుంచి రావాలి

బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ చదివినవాళ్లకు ప్రోటీన్లు గడ్డకట్టే తీరును చూసే ల్యాబులు సరిపోతాయి. ఫార్మకాలజీ, జువాలజీ వాళ్లకు జంతువుల పని, మెడిసిన్, సైకాలజీ వాళ్లకు మెమరీ క్లినిక్. బీటెక్ వాళ్లకూ, ఊళ్లో ల్యాబ్ లేనివాళ్లకూ డేటా దారి ఉంది. అమెరికాలో 2004లో మొదలైన ఏడీఎన్ఐ అధ్యయనంలోని స్కాన్లు, పరీక్షల ఫలితాలు దరఖాస్తు పెట్టి, వాడుక షరతులకు ఒప్పుకుంటే చేతికొస్తాయి. అలెన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సీ-ఏడీ సమాచారంలో 84 మంది దాతల మెదడు కణాల జన్యు వివరాలున్నాయి.

డేటా పనిలో రెండు గోతులున్నాయి. మొదటిది: ఒకే మనిషి స్కాన్లు నాలుగుంటే రెండు ట్రైనింగ్‌లోకి, రెండు టెస్టింగ్‌లోకి వెళ్లిపోతాయి. మోడల్ జబ్బును గుర్తుపట్టకుండా మనిషినే గుర్తుపడుతుంది, 97 శాతం ఖచ్చితత్వం వచ్చిందని పేపర్ రాసేస్తారు. విభజన మనిషి వారీగా చేయాలి, స్కాన్ వారీగా చేయకూడదు. రెండోది: లక్షల కణాలున్నాయి కదా అని ఒక్కో కణాన్నీ ఒక్కో నమూనాగా లెక్కేయడం. దాతలు 84 మందే, మీ నమూనా సంఖ్య 84 దాటదు. ముందు దాత వారీగా మొత్తాలు తీసి, ఆ తర్వాత పోల్చండి.

ప్రవేశ పరీక్షల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా: సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ వాళ్ల బెట్, ఐసీఎంఆర్ జేఆర్ఎఫ్, గేట్, టీఐఎఫ్ఆర్ వాళ్ల జేజీబిల్స్. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్) 42,000, ఇంటద్దె భత్యం వేరే. ఈ రంగానికే చూస్తే మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, బెంగళూరు ఐఐఎస్సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, మెదళ్ల భాండాగారం ఉన్న నిమ్హాన్స్ ముందు వరసలో ఉంటాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సెంట్రల్ యూనివర్సిటీ, నైపర్ ఉన్నాయి. అక్కడ ఏ గైడ్ ఇప్పుడు ఏం చేస్తున్నారో సంస్థ పేరు చూసి తెలియదు, వాళ్ల గత అయిదేళ్ల పేపర్లు తీసి చూడాలి.

గైడ్‌ను కలిసినప్పుడు మందు ఎప్పుడొస్తుందని అడగొద్దు. ఇవి అడగండి: ఎలుకల కాలనీ మీదేనా, జీనోటైపింగ్ (ఏ ఎలుకలో ఏ జన్యువుందో చూడటం) ఎవరు చేస్తారు, గత ముగ్గురు విద్యార్థులకు ఎన్నేళ్లు పట్టింది, మైనస్ 80 ఫ్రీజర్‌కు కరెంటు పోతే బ్యాకప్ ఏమిటి. తర్వాత క్యాంటీన్‌లో మూడో ఏడాది విద్యార్థిని పట్టుకుని అవే ప్రశ్నలు మళ్లీ అడగండి. రెండు చోట్లా ఒకే జవాబు వస్తే ఆ ల్యాబ్ మంచిది.

ఇక ప్రశ్న ఎంపిక. అమైలాయిడ్‌ను తీసేసే మందు లెకానెమాబ్‌కు 2023 జులైలో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. అమైలాయిడ్‌ను మెదడులోంచి బాగా తీసేసినా, 18 నెలల్లో ప్లసీబో గ్రూపుతో తేడా జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల స్కేలు మీద 0.45. అంటే అమైలాయిడ్‌ను పక్కన పెట్టేయలేం, అదొక్కటే సరిపోతుందనీ అనలేం. కొత్తగా వచ్చేవాళ్లకు చోటు టావ్ వ్యాప్తిలో, మైక్రోగ్లియాలో (మెదడు రక్షణ కణాల్లో), రక్తనాళాల్లో, మన జనాభాలో రక్త పరీక్షల హద్దులు ఎక్కడ పెట్టాలన్న దాంట్లో ఉంది.

ఒక మిల్లీగ్రాము ఎ-బీటా 42

ఎ-బీటా 42 అంటే ప్లాకుల్లో పేరుకునే అమైలాయిడ్ పెప్టైడ్. చాలామంది చేతికి మొదట వచ్చేది ఇదే, మొదట పాడుచేసేదీ ఇదే. ఈ పెప్టైడ్ తయారీలో ఎంత శ్రద్ధ పెట్టారో ఆ తర్వాతి ఏడాది ఫలితాలన్నిటిలో కనిపిస్తుంది.

సీసాను ఫ్రీజర్‌లోంచి తీసి వెంటనే మూత తిప్పొద్దు. అరగంట గది వేడికి రానివ్వండి, లేదంటే గాలిలోని తేమ పొడి మీద చేరుతుంది. సర్టిఫికెట్‌లో నికర పెప్టైడ్ శాతం చూడండి. పొడిలో లవణాలూ నీళ్లూ కూడా ఉంటాయి కాబట్టి మిల్లీగ్రాము పొడి అంటే మిల్లీగ్రాము పెప్టైడ్ అని అర్థం కాదు. అణుభారం 4514. నికరంగా 1 మిల్లీగ్రాము ఉంటే 221.5 మైక్రోలీటర్ల హెచ్ఎఫ్ఐపీ అనే ద్రావణిలో కరిగిస్తే 1 మిల్లీమోలార్ అవుతుంది. హెచ్ఎఫ్ఐపీ చర్మాన్నీ కళ్లనూ కాల్చేస్తుంది, ఇట్టే ఆవిరైపోతుంది. ఫ్యూమ్ హుడ్‌లో, గాజు సిరంజితో, చేతులకు గ్లవ్స్ వేసుకునే పని.

గంటసేపు గది వేడిలో ఉంచాక, ప్రోటీన్ అంటని ట్యూబుల్లోకి 10 మైక్రోలీటర్ల చొప్పున పంచండి. ఇరవై రెండు ట్యూబులొస్తాయి, ఒక్కోదాంట్లో 10 నానోమోల్‌లు, అంటే 45 మైక్రోగ్రాములు. మూతలు తెరిచి రాత్రంతా హుడ్‌లో వదిలేసి, పొద్దున గంటసేపు వాక్యూమ్‌లో పెట్టండి. ట్యూబు అడుగున కంటికి ఆనీ ఆనని పారదర్శకమైన పొర మిగలాలి. తేమ పీల్చే గుళికలతో మైనస్ 80లో దాచుకోండి.

వాడే రోజు ఒక ట్యూబులో 2 మైక్రోలీటర్ల తేమ లేని డీఎంఎస్ఓ ద్రవం వేసి, గోడలకు అంటిన పొర కూడా కరిగేలా టిప్‌తో తిప్పుతూ కలపండి. 10 నిమిషాలు బాత్ సోనికేటర్‌లో పెట్టండి. ఇది 5 మిల్లీమోలార్. దాంట్లో ఫినాల్ రెడ్ లేని చల్లటి ఎఫ్12 మీడియం 98 మైక్రోలీటర్లు పోసి, 4 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే ఎక్కువగా ఆలిగోమర్లు (కొన్ని పెప్టైడ్లు కలిసిన చిన్న గుంపులు) వస్తాయి. మీడియం బదులు 10 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి 37 డిగ్రీల దగ్గర ఉంచితే ఫైబ్రిల్స్ (పొడవాటి పోగులు) వస్తాయి. రెండూ 100 మైక్రోమోలార్. కణాల మీద 10 మైక్రోమోలార్ వేస్తే డీఎంఎస్ఓ 0.2 శాతం చేరుతుంది. అందుకని పెప్టైడ్ లేని ట్యూబును కూడా హెచ్ఎఫ్ఐపీతో మొదలుపెట్టి ఇవే మెట్లన్నీ ఎక్కించి, కంట్రోల్‌గా వాడాలి. ఒట్టి మీడియంను కంట్రోల్ అనుకుంటే రివ్యూయర్ కన్నా ముందు మీరే మోసపోతారు.

తయారైంది ఆలిగోమరా, ఫైబ్రిలా అన్నది ప్రతి బ్యాచ్‌కూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి తేల్చుకోండి. ఎస్‌డీఎస్ జెల్ ఒక్కదాన్నే నమ్మొద్దు. ఎ-బీటా 42ను ఎస్‌డీఎస్సే మూడు నాలుగు కలిపి గుదిగుచ్చగలదు.

గడ్డకట్టే వేగం చూడటానికి థయోఫ్లావిన్-టి (ఫైబ్రిల్స్‌కు అంటుకుని వెలిగే రంగు) 20 మైక్రోమోలార్ వేసి, 440 నానోమీటర్ల దగ్గర వెలుగు వేసి 480 దగ్గర చదవాలి. ప్లేటు నల్లది, ప్రోటీన్ అంటని రకం. మొదట కాసేపు ఏమీ జరగనట్టుండి, తర్వాత వక్రరేఖ ఒక్కసారిగా పైకి లేచి, చివర చదునవుతుంది. మొదటి నిమిషం నుంచే లేస్తుంటే మీ పెప్టైడ్‌లో ముందే గడ్డలున్నాయి, పొర సరిగ్గా కరగలేదన్నమాట. ఒకే నమూనా ఉన్న గుంటలు ఒకదానికొకటి పొంతన లేకుండా పోతే అంచు గుంటల్లో నీరు ఆవిరవుతోందేమో, ప్లేటు ఊపుడు ఒకేలా ఉందో లేదో చూడండి. అంచు వరసల్లో ఒట్టి నీళ్లు పోసి, పైన సీల్ వేస్తే సగం తగాదా తీరిపోతుంది.

పసుపు, బ్రాహ్మి, అశ్వగంధ

మన దగ్గర పది ప్రాజెక్టుల్లో కొన్నైనా వీటి మీదే. మూలికల్ని పరీక్షించడంలో తప్పేమీ లేదు, పరీక్షించే తీరులోనే ఉంది తంటా అంతా. పసుపులోని కర్క్యుమిన్ దాదాపు 425 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చేస్తుంది, అంటే థయోఫ్లావిన్‌కు వేసే వెలుగులో కొంత అదే మింగేస్తుంది. పైగా ఫైబ్రిల్ మీద అదే చోటు కోసం పోటీ పడుతుంది. సిగ్నల్ తగ్గడం చూసి గడ్డలు తగ్గాయని రాసేస్తారు. తేల్చుకోవడానికి దారి సులువే: ఫైబ్రిల్స్ పూర్తిగా తయారయ్యాక చివర్లో కర్క్యుమిన్ వేయండి. కలిపిన నిమిషంలోనే సిగ్నల్ పడిపోతే అది కాంతి మాయ. నిజంగా ఆపుతుందంటారా, సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేలిన ద్రవంలో కరిగి ఉన్న పెప్టైడ్ ఎంతో కొలిచి చూపించండి.

కణాలు బతికున్నాయో లేదో చూసే ఎంటీటీ పరీక్షతోనూ ఇలాంటి చిక్కే. ఎ-బీటా తగిలితే కణాలు ఆ పరీక్షలో తయారయ్యే రంగు పదార్థమైన ఫార్మజాన్‌ను తొందరగా బయటికి తోసేస్తాయి, చావని కణాలు చచ్చినట్టు లెక్క తేలుతుంది. తోడుగా, చచ్చే కణాల్లోంచి కారే ఎంజైమును కొలిచే ఎల్‌డీహెచ్ పరీక్ష పెట్టుకోండి.

ఫార్మసీ కాలేజీల్లో స్కోపాలమైన్ ఇచ్చిన ఎలుకను "అల్జీమర్స్ మోడల్" అంటుంటారు. స్కోపాలమైన్ మస్కరినిక్ గ్రాహకాల్ని మూసేసి కాసేపు జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుంది. అందులో ప్లాకులూ లేవు, చిక్కుముడులూ లేవు, న్యూరాన్లు చావవు. ఎసిటైల్‌కోలిన్ పెంచే ఏ పదార్థం ఇచ్చినా ఆ ఎలుక కోలుకుంటుంది. దాన్ని "కోలినర్జిక్ లోపం" అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు. అల్జీమర్స్ అని రాస్తే మంచి పత్రికలో గుమ్మం దాటదు.

జన్యుమార్పిడి ఎలుకలు

ముందు సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి, జన్యుమార్పిడి కాబట్టి బయోసేఫ్టీ కమిటీ అనుమతి కూడా. కమిటీ ముందుకు వెళ్లేటప్పుడు ఎన్ని జంతువులు అన్నదానికి లెక్క చూపించాలి. రెండు గ్రూపుల మధ్య తేడా ఒక స్టాండర్డ్ డీవియేషన్ అంత ఉంటుందనుకుంటే, 80 శాతం (తేడా ఉంటే పట్టుకునే అవకాశం) పవర్‌కు గ్రూపుకు 17 కావాలి. ఆరేసి పెడితే పట్టుబడేది దాదాపు 1.8 డీవియేషన్ల తేడా మాత్రమే, జీవశాస్త్రంలో అంత తేడా అరుదు. ఒక్కో మెదడు నుంచి పది ముక్కలు కోసి 60 నమూనాలని రాయడం దొంగలెక్క. జంతువే నమూనా.

2006లో వచ్చిన 5ఎక్స్‌ఫ్యాడ్ ఎలుకలో ఏపీపీ జన్యువులో మూడు, ప్రెసెనిలిన్-1లో రెండు మ్యుటేషన్లు ఉంటాయి. రెండో నెలకే ప్లాకులు మొదలవుతాయి, అందుకే విద్యార్థులకు ఇష్టం. టావ్ చిక్కుముడులు మాత్రం రావు. వాటి కోసం పీఎస్19 తెచ్చుకుంటే అందులో ఉన్న పీ301ఎస్ మ్యుటేషన్ ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియాకు చెందింది. ఏ ఎలుకా పూర్తి జబ్బును చూపించదు కాబట్టి, ఏ భాగం కావాలో తేల్చుకుని దాన్ని ఎంచుకోండి.

ఈ 5ఎక్స్‌ఫ్యాడ్ దగ్గరే అందరూ బోల్తా పడే చోటు ఒకటుంది. మొదటి కాలనీ బీ6ఎస్‌జేఎల్ నేపథ్యంలో పెంచినది. ఎస్‌జేఎల్ జాతిలో రెటీనాను దెబ్బతీసే ఆర్డీ1 మ్యుటేషన్ ఉంది. రెండు వైపుల నుంచీ అది వచ్చిన పిల్లకు కొన్ని వారాల్లోనే చూపు పోతుంది. మీరు దాన్ని నీళ్ల మేజ్‌లో వదిలితే గోడ మీది గుర్తులు కనపడక తిరుగుతుంది, మీరేమో జ్ఞాపకశక్తి పోయిందని రాసుకుంటారు. అందుకే తోక ముక్కతో అసలు ట్రాన్స్‌జీన్‌తో పాటు ఆర్డీ1 పీసీఆర్ కూడా చేయాలి, రెండు కాపీలున్నవాటిని ప్రవర్తన పరీక్షల నుంచి తీసేయాలి. ఆడవాటిలో ప్లాకులు ఎక్కువ, ఆడా మగా కలిపేసి సగటు తీయొద్దు. కంట్రోల్స్ అదే కాన్పులో పుట్టిన తోబుట్టువులై ఉండాలి. కోసిన రోజు చెవి ముక్క తీసి మళ్లీ జీనోటైప్ చేస్తే, పంజరాలు మారిపోయిన సంగతి అప్పుడైనా బయటపడుతుంది.

నీళ్ల మేజ్ కొలతలు: తొట్టి అడ్డం 120 సెంటీమీటర్లు, నీరు 22 డిగ్రీలు, ప్లాట్‌ఫామ్ నీటికి 1 సెంటీమీటరు కింద. రోజుకు నాలుగు ట్రయల్స్, ఒక్కోటి 60 సెకన్లు, అయిదు రోజులు. మర్నాడు ప్లాట్‌ఫామ్ తీసేసి వెతుకులాట చూడాలి. ముందుగా కనిపించే ప్లాట్‌ఫామ్‌తో ఒక రోజు నడపండి, ఈత వేగం ప్రతిసారీ నమోదు చేయండి. వయసు ముదిరిన 5ఎక్స్‌ఫ్యాడ్‌కు కాళ్లలో సత్తువ తగ్గుతుంది. సమయం ఒక్కటే చూస్తే అది కూడా మతిమరుపులాగే కనిపిస్తుంది.

మెదడు తీసి రంగెక్కించడం

మెదడు దేనికి వాడతారో ఎలుకను మత్తులో పెట్టకముందే తేల్చుకోండి. కణజాలాన్ని గట్టిపరిచే పీఎఫ్ఏ పంపించిన మెదడు నుంచి ఎలైసా (ప్రోటీన్ మోతాదు కొలిచే పరీక్ష) రాదు. రెండూ కావాలంటే చల్లటి పీబీఎస్ (ఉప్పు బఫర్) మాత్రమే గుండె ద్వారా పంపి, కాలేయం పాలిపోయి లేత రంగుకు వచ్చేదాకా చూసి, మెదడును నిలువునా రెండు చేయండి. ఒక సగం వెంటనే గడ్డకట్టించి మైనస్ 80లోకి, ఇంకో సగం 4 శాతం పీఎఫ్ఏలో 24 గంటలు. తర్వాత 30 శాతం చక్కెర ద్రావణంలో అది అడుగుకు మునిగేదాకా, మామూలుగా రెండు మూడు రోజులు. తేలుతుండగానే తొందరపడి కోస్తే మంచు స్ఫటికాలు కణజాలాన్ని జల్లెడ చేసేస్తాయి.

30 మైక్రాన్ల ముక్కలు కోసి, ప్రతి 12వ ముక్కను ఒక సిరీస్‌గా తీసుకోండి. అమైలాయిడ్‌కు 88 శాతం ఫార్మిక్ ఆమ్లంలో అయిదు నిమిషాలు ముంచితే యాంటీబాడీకి దారి దొరుకుతుంది. అందరూ వాడే 6ఈ10 యాంటీబాడీ ఎ-బీటాతో పాటు దాని మాతృక ఏపీపీని కూడా పట్టుకుంటుంది. న్యూరాన్ లోపల రంగు కనిపించగానే "కణం లోపలి అమైలాయిడ్" అనేయకండి. అది ఎలుకలో తయారైన యాంటీబాడీ కూడా కాబట్టి, యాంటీ-మౌస్ సెకండరీ ఎలుక మెదడులోని సొంత యాంటీబాడీలకూ అంటుకుంటుంది. దానికి ప్రత్యేకమైన బ్లాకింగ్ చేయాలి, లేదా నేరుగా రంగు తగిలించిన ప్రైమరీ వాడాలి.

ముసలి ఎలుకల్లో, మనిషి మెదడులో లైపోఫ్యూసిన్ (వయసుతో కణాల్లో చేరే వర్ణకం) అన్ని రంగుల్లోనూ తనంతట తానే వెలుగుతుంది. సెకండరీ అయ్యాక 70 శాతం ఇథనాల్‌లో 0.1 శాతం సుడాన్ బ్లాక్ పెడితే అణుగుతుంది. ఆ తర్వాత డిటర్జెంట్‌తో కడిగితే సుడాన్ బ్లాక్ కూడా పోతుంది. ప్రతి రన్‌లో వైల్డ్-టైప్ ముక్క ఒకటి, ప్రైమరీ వేయని ముక్క ఒకటి తప్పనిసరి. ఇమేజ్ త్రెషోల్డ్ ఒకసారి పెట్టి, గ్రూపులు తెలియని మనిషి చేత అన్నిటికీ అదే వాడించండి.

ముడి ఇమేజ్ ఫైళ్లు పేరు మార్చకుండా రెండు చోట్ల దాచండి. ఎ-బీటా*56 అనే ఆలిగోమర్ గురించి 2006లో నేచర్‌లో వచ్చి వేల మంది ఉదహరించిన పేపర్‌ను చిత్రాల్లో మార్పుల కారణంగా 2024లో వెనక్కి తీసుకున్నారు. అడిగిన రోజు ముడి బ్లాట్ తీసి చూపించలేని బొమ్మను పేపర్లో పెట్టకండి.

మనుషుల మీద పనిచేస్తే

హైదరాబాద్‌కు ఈ రంగంలో సొంత పేరుంది. నిమ్స్ మెమరీ క్లినిక్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో రాసింది: రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉన్న ఊరు కాబట్టి, వలస వచ్చారా, చదువుకున్నారా అన్న గందరగోళం లేకుండా అది చూడగలిగారు.

పరీక్ష ఎంపికలోనే సగం ఫలితం ఉంటుంది. ఐసీఎంఆర్ టూల్‌బాక్స్ తెలుగులో ఉంది, దాన్ని వాడండి. ఇంగ్లిష్ పరీక్షను సొంతంగా తర్జుమా చేసి వాడొద్దు. పెన్ను పట్టనివాళ్లతో బొమ్మ గీయిస్తే చదువు లేకపోవడమే జబ్బుగా స్కోరు పడుతుంది. తేదీ అడిగితే తిథి చెప్పే పెద్దలుంటారు, దానికి మార్కు ఇస్తారో లేదో ముందే రాసుకుని అందరికీ ఒకటే పాటించండి. చెవుడు, డిప్రెషన్, బి12, థైరాయిడ్ చూడకుండా ఎవరినీ కేసుగా చేర్చుకోవద్దు.

టావ్‌కు ఫాస్ఫేట్ చేరిన రూపమైన పీ-టావ్ 217 కోసం రక్తం ఈడీటీఏ ట్యూబులో తీసి, రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ చేసి, పాలీప్రొపిలీన్ ట్యూబుల్లోకి అర మిల్లీలీటరు చొప్పున పంచి మైనస్ 80లో పెట్టాలి. అదే రక్తంలో ఎ-బీటా కూడా కొలిచేటట్టయితే, మరో రకం ప్లాస్టిక్, గాజు ట్యూబుల్లో అది గోడకు అంటుకుని విలువ తగ్గిపోతుంది. ఊళ్లలో క్యాంపు పెడితే సెంట్రిఫ్యూజ్ కూడా బండిలో వెళ్లాల్సిందే.

పీహెచ్‌డీ అయ్యాక

సొంత ల్యాబ్ కోరుకునేవాళ్లకు మూడు నుంచి అయిదేళ్ల పోస్ట్‌డాక్ మామూలు. విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్లకు రామలింగస్వామి ఫెలోషిప్, ఇక్కడ నిలదొక్కుకోవడానికి ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. కంపెనీ వైపు చూసేవాళ్లు హైదరాబాద్‌కే చెందిన సువెన్ కథ చదవండి. వాళ్ల మసుపిర్డిన్ 2019లో రెండో దశ ట్రయల్‌లో అల్జీమర్స్ జ్ఞాపకశక్తి విషయంలో ప్రధాన లక్ష్యం అందుకోలేదు. అదే మందును ఈ రోగుల్లో కనిపించే ఆందోళన, చిరాకుల మీదికి తిప్పి మూడో దశకు తీసుకెళ్లారు. ట్రయల్ డిజైన్, ఎండ్‌పాయింట్ అన్న మాటలు బెంచ్ దగ్గరే నేర్చుకున్నవాళ్లకు అక్కడ గిరాకీ.

పోస్ట్‌డాక్ ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు అచ్చయిన పేపర్ల పక్కన, పనిచేయని ఒక ప్రయోగాన్ని కూడా స్లైడ్ చేసుకుని పట్టుకెళ్లండి: ఏ లాట్ పెప్టైడ్, ఏ కంట్రోల్ పెట్టాక సంగతి తెలిసింది, ఎన్ని నెలలు పోయాయి. ఎక్కువసేపు ప్రశ్నలు దాని మీదే వస్తాయి.